పశువుల కొట్టంలో చదివిన నవల

శరత్ చంద్ర చటోపాధ్యాయ 1876 సెప్టెంబర్ 15న హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో పుట్టారు. తండ్రికి నిలకడైన ఉద్యోగం లేదు. అందుకే ఆయన బాల్యం చాలావరకు భాగల్పూర్‌లో మేనమామల ఇంట గడిచింది. మనలాగే ఆయనా ఊళ్ళు మారిన పిల్లవాడే.

ఆ రోజుల్లో నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని పెద్దల భయం. శరత్ తన తండ్రి పాత సొరుగులో దొరికిన 'హరిదాసుని గుప్తకథ'ను పశువుల కొట్టంలో దాక్కుని చదివారు.

పెద్దయ్యాక రంగూన్‌లో ప్రభుత్వ లెక్కల ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తూ కథలు రాశారు. ఆయన 'చరిత్రహీన్' నవలను నీతికి విరుద్ధమని ఒక పత్రిక తిప్పి పంపింది. చివరికి అది 1917లో పుస్తకంగా వచ్చింది. 'దేవదాసు' వచ్చిందీ ఆ ఏడే. శరత్ నవలలను తెలుగు చేసిన చక్రపాణి గారే తర్వాత పిల్లల కోసం 'చందమామ' నడిపారు. ఏ వయసుకు ఏది ఇవ్వాలో ఆయనకు తెలుసు.

1938 జనవరి 16న శరత్ కలకత్తాలో కన్నుమూశారు.

మన ఏక్‌బాల్‌పూర్‌కు దగ్గర్లోనే, అలీపూర్‌లో జాతీయ గ్రంథాలయం ఉంది. శరత్‌ను చదవాలనుకుంటే ముందు 'మహేశ్' కథ చదవండి. అది పేద రైతు గఫూర్, అతని ఎద్దు కథ. ఏడుపొస్తుంది కానీ మన వయసుకు అందుతుంది. తాగుడుతో పాడైపోయిన దేవదాసు కథ పై తరగతుల్లోకి వచ్చాక, అమ్మకో నాన్నకో చెప్పి చదవచ్చు. అర్థం కానిది అడగవచ్చు. కొట్టంలో దాక్కున్న శరత్‌కు ఆ వీలు లేకపోయింది.