చెవులు వినరాని పంతులు చుక్కలకు తొవ్వ జూపిండు

రష్యాల ఇజెవ్‌స్కోయె అనే ఊర్ల 1857ల పుట్టిండు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ. పదేండ్లప్పుడు జరమొచ్చి చెవులు సరిగ వినవడకుంట అయినయ్. బడి బందయింది. పదహారేండ్లకు మాస్కో పోయిండు. ఉత్త రొట్టె తినుకుంట, లైబ్రరీల కూసొని లెక్కలు, సైన్స్ సొంతంగ నేర్చుకున్నడు.

తర్వాత కలూగాల బడిపంతులు కొలువు చేసుకుంటనే, రాకెట్ ఎంత ఇంధనం కాలిస్తే ఎంత వేగం అందుకుంటదో లెక్కగట్టి 1903ల అచ్చేయించిండు. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ వాడాలని చెప్పిండు. అప్పట్ల పట్టించుకున్నోళ్లు తక్కువ. ఒక్క రాకెట్ గూడ ఎగరేయకుంటనే 1935ల కన్నుమూసిండు.

2023ల మన శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ని మోసుకపోయిన రాకెట్ పై అంచెల మండినయి గవే రెండు.

గాయనకు కాలేజీ దొరకలే, లైబ్రరీ దొరికింది. తమ్మీ, చెల్లే, మీ ఊరి లైబ్రరీకి తాళముంటే తియ్యుమని గట్టిగ అడగుండ్రి.