సంఘం కట్టినందుకు మూల్యం చెల్లించిన ఆటగాడు: డగ్ హార్వే

ఐస్ హాకీ మనకు దూరపు ఆట. మంచు పలక మీద స్కేట్లు కట్టుకుని, పక్ అనే చిన్న రబ్బరు బిళ్లను కర్రతో కొడుతూ ఆడతారు. కెనడాలో మాత్రం మన దగ్గర క్రికెట్‌కి ఉన్నంత పిచ్చి ఆ ఆటకుంది. అక్కడి గొప్ప ఆటగాళ్లలో ఒకడైన డగ్ హార్వే గురించి ఇప్పుడు మనం చెప్పుకోవాల్సింది ఆయన గెలిచిన కప్పుల కోసం మాత్రమే కాదు. తోటివాళ్ల కోసం నిలబడి ఆయన ఏం పోగొట్టుకున్నాడో కూడా తెలుసుకోవాలి.

హార్వే 1924 డిసెంబర్ 19న మాంట్రియల్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కెనడా నౌకాదళంలో పనిచేశాడు. 1947లో మాంట్రియల్ కెనడియన్స్ జట్టులో చేరాడు. అప్పటిదాకా డిఫెన్స్ ఆటగాడంటే ఎదుటివాళ్లను అడ్డుకుని, పక్‌ని దూరంగా కొట్టేసేవాడే. హార్వే ఆ పద్ధతి మార్చాడు. పక్‌ని తన దగ్గరే ఉంచుకుని ఆట వేగాన్ని తన చేతుల్లోకి తీసుకునేవాడు. సందు దొరికిన క్షణంలో ముందున్న వాడికి అందించేవాడు. ఆ జట్టు స్టాన్లీ కప్‌ని 1953లోనూ, 1956 నుంచి 1960 వరకు వరుసగా ఐదేళ్లూ గెలిచింది. ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీ హార్వేకి ఏడుసార్లు దక్కింది. రెండు నిమిషాల శిక్ష పడి ఎదుటి జట్టులో ఒకడు బయట కూర్చుంటే, ఆ కాస్త వ్యవధిలోనే వీళ్లు రెండు మూడు గోల్స్ కొట్టేసేవాళ్లు. దాంతో ఒక్క గోల్ పడగానే శిక్ష పడ్డవాడు తిరిగి రావచ్చని 1956లో లీగ్ ఏకంగా నిబంధనే మార్చింది.

ఇంత పేరున్నా ఆటగాడికి హక్కులు లేవు. అప్పుడు లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఒకసారి సంతకం పెడితే ఆటగాడు యజమాని సొత్తు. ఎక్కడికి అమ్మితే అక్కడికి పోవాలి, ఎంత ఇస్తే అంత తీసుకోవాలి. పెన్షన్ నిధికి ఆటగాళ్లు ఏటా 900 డాలర్లు కట్టేవాళ్లు. డెట్రాయిట్ జట్టు ఆటగాడు టెడ్ లిండ్సే, హార్వే ఆ నిధి బోర్డులో ఆటగాళ్ల ప్రతినిధులు. లెక్కలు చూపించమంటే యజమానులు చూపించలేదు. మంచు మీద బద్ధశత్రువులైన ఆ ఇద్దరూ అక్కడ ఒకటయ్యారు.

1957 ఫిబ్రవరిలో ఆటగాళ్ల సంఘం ఏర్పడినట్టు ప్రకటించారు. లిండ్సే అధ్యక్షుడు, హార్వే ఉపాధ్యక్షుడు. హార్వేకి స్వయంగా ఈ సంఘంతో పెద్ద అవసరం లేదు. ఆయన స్థానానికి ఢోకా లేదు. ఎప్పుడు తీసేస్తారోనని భయపడే మామూలు ఆటగాడి కోసమే ఆయన ముందుకొచ్చాడు.

యజమానుల జవాబు త్వరగానే వచ్చింది. ఆ ఏడాది జులైలోనే లిండ్సేని అప్పట్లో అట్టడుగున ఉన్న చికాగో జట్టుకు పంపేశారు. బెదిరింపులకు సంఘం బలం తగ్గింది. చివరికి 1958 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. 7,000 డాలర్ల కనీస వేతనం, పెన్షన్‌లో కొంత మెరుగుదల దక్కాయి. సంఘం మాత్రం మిగల్లేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. హార్వే తెల్లవాడు. ఆ లీగ్ తలుపులు నల్లజాతి ఆటగాళ్లకు తెరుచుకున్నది 1958 జనవరిలో, విల్లీ ఓరీతో. ఆ తలుపు హార్వేకి ఎప్పుడూ మూసి లేదు. లోపలున్నవాడు కూడా యజమానిని లెక్క అడిగితే ఏమవుతుందో ఆయన జీవితం చూపిస్తుంది.

1960లో హార్వే కెప్టెన్ అయ్యాడు. 1961లో మళ్లీ నోరిస్ ట్రోఫీ గెలిచాడు. అదే వేసవిలో ఆయన్ని న్యూయార్క్ రేంజర్స్‌కి ఇచ్చేశారు. సంఘం కట్టినందుకే ఈ శిక్ష అని చాలామంది నమ్మారు. న్యూయార్క్‌లో ఆడుతూనే కోచ్‌గా పనిచేసి, ఆ సీజన్‌కీ నోరిస్ గెలిచాడు. తర్వాత చిన్న లీగుల్లో ఊరూరా తిరిగి, 1969లో సెయింట్ లూయిస్ జట్టుతో ఆట ముగించాడు.

1973లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైతే ఆ సభకు ఆయన వెళ్లలేదు. తాగుడు, మానసిక అనారోగ్యం ఆయన్ని చాలాకాలం వెంటాడాయి. ఆయన వేసుకున్న 2వ నంబర్ జెర్సీని గౌరవంగా పక్కన పెట్టడానికి మాంట్రియల్ జట్టుకు 1985 దాకా సమయం పట్టింది. ఒట్టావా దగ్గర గుర్రప్పందేల మైదానంలో నిలిపి ఉంచిన పాత రైలు పెట్టెలో కొన్నాళ్లు బతికాడు. 1989 డిసెంబర్ 26న కాలేయ వ్యాధితో చనిపోయాడు. అప్పటికి వయసు 65.

సంఘం చావలేదు. 1967లో మళ్లీ పుట్టి నిలబడింది. పెన్షన్ నిధిలో మిగులు డబ్బు ఆటగాళ్లదేనంటూ పాత ఆటగాళ్లు కోర్టుకెక్కితే, 1992లో ఒంటారియో కోర్టు వాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. 1994లో కెనడా సుప్రీంకోర్టు లీగ్ అప్పీలును వినడానికి కూడా ఒప్పుకోలేదు. హార్వే, లిండ్సే చూపించమన్న లెక్కలు అలా బయటపడ్డాయి. ఆ రోజు చూడటానికి హార్వే లేడు. సంఘంలో మొదటి సంతకాలు పెట్టినవాళ్ల పేర్లు మనం గుర్తుపెట్టుకోవాల్సింది అందుకే.