గీతలు పడిన రికార్డులు

కలకాలం దాచుకొనదగిన సంగీతం ఏది? గ్రామఫోను రికార్డులు కొనే ప్రతి రసికుని ఇంటిలోను, అలమర నిండిన నాడు ఈ ప్రశ్న తలయెత్తక తప్పదు. రాక్ సంగీతంలో ఇట్టి ఎంపిక జరిగినప్పుడెల్లా జిమి హెండ్రిక్స్ పేరు ముందువరుసలో వినవస్తుంది. అయితే ఆ మహావాదకుడు తన ఇంట ఏయే రికార్డులు దాచుకొన్నాడో విచారించినవారు తక్కువ.

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న అమెరికాలోని సియాటిల్ నగరంలో, ఒక పేద నల్లజాతి కుటుంబంలో జన్మించినాడు. తండ్రితో కలిసి ఒక ఇంటి చెత్త ఎత్తుతుండగా, చిన్న గిటారు వంటి యుకులేలీ ఒకటి అతనికి దొరికింది. దానికి మిగిలినది ఒకే తంత్రి. ఆ ఒంటి తంత్రిపైననే తాను విన్న పాటలను పలికించుకొన్నాడు. 1958లో తల్లి కన్నుమూసింది. ఆ కాలంలోనే అయిదు డాలర్లకు ఒక పాత గిటారు లభించింది. ఎడమచేతివాటం వాడగుటచే, కుడిచేతివారి గిటారును తిరగవేసి వాయించినాడు. కొంతకాలం సైన్యంలోను, కొన్నేండ్లు పరుల పాటలకు వెనుక వాద్యకారుడుగాను గడిపి, 1966 సెప్టెంబరులో లండను చేరినాడు.

1967, 1968 సంవత్సరాలలో మూడు ఆల్బములు వెలువడినవి. రెండవదానిలో ఒక పక్కకు చెందిన మూలపు టేపును అతడు టాక్సీలో మరచిపోగా, ఆ భాగమంతా ఒక్క రాత్రిలో మళ్లీ కూర్చవలసి వచ్చింది. దాని అట్టపై ముద్రించినది మన విశ్వరూప చిత్రమే. తన వంశంలోని అమెరికా ఆదివాసులను తలపించే బొమ్మ ఉండవలెనని కోరుకొన్న అతనికి అది నచ్చలేదు.

1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీలో, పగలు పండిత రవిశంకర్ సితారు వినిపించిన వేదికపైననే ఆ రాత్రి హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించినాడు. వాద్యాన్ని దైవంగా భావించే రవిశంకర్ మనసు అందుకు ఎంతో నొచ్చుకొన్నది.

కాని లండను బ్రూక్ వీథిలో, 1968, 1969 సంవత్సరాలలో హెండ్రిక్స్ నివసించిన గదిలోని సుమారు నూరు రికార్డులలో రవిశంకర్ సితారు కూడ ఉన్నది. మడ్డీ వాటర్స్ బ్లూసు ఉన్నది. పక్కయింట రెండు శతాబ్దాల క్రిందట హాండెల్ నివసించినాడని తెలియగానే, కొని తెచ్చుకొన్న ఆ మహనీయుని మెస్సయ్య కూడ ఉన్నది. బాబ్ డిలన్ ఆల్బము ఒకదానిపై, పగిలిన గాజుగ్లాసు తెగి కారిన హెండ్రిక్స్ నెత్తుటి మరకలు కనిపిస్తవి.

1970 సెప్టెంబరు 18న, ఇరువదియేడవ యేట, అతడు లండనులో మరణించినాడు. మిగిలిపోయిన టేపులనుండి తరువాత ఎన్నో ఆల్బములు వెలువడినవి. అతడు జీవించి యుండగా స్టూడియోలో పూర్తిచేసి లోకానికి అందించినవి ఆ మూడే. తక్కినవాటిలో ఏది నిలుపదగినదో, ఏది కాదో అతనిని అడుగుటకు వీలు లేకపోయింది.

అతని గది 2016 నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. తనకు ప్రియమైన రికార్డుల జాబితాను అతడు వ్రాసిపెట్టి పోలేదు. పదే పదే ముల్లు నడచి అరిగిన రికార్డులే, పెద్దలు వాడిన పుస్తకంలో నలిగిన పుటలవలె, ఆ సంగతి చెప్పుచున్నవి. మన అలమరలో ఏవి నిలువవలెనో తేల్చుకొనుటకు కూడ, అట్టలను చూచుటకంటె గీతలను చూచుటయే మేలు.