అందరూ దాటేసిన పాటలు విన్న మనిషి

మన కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి ఒక సీనియర్ ఉన్నాడు. 1960ల మొదట్లో అమెరికాలోని డల్లాస్‌లో, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కూర్చుని ఐబీఎం 1410 అనే మెషీన్‌కి పంచ్ కార్డుల ప్రోగ్రాములు రాశాడు. ఒక్కో లైనుకి ఒక్కో అట్టముక్క, ఒక్కో అక్షరానికి కొన్ని చిల్లులు. ఆ ఉద్యోగంలోనే ఉండిపోతే ఇవాళ ఆయన పేరు మనకి తెలిసేది కాదు. ఆయన మాత్రం రేడియోకి వెళ్ళిపోయి, బీబీసీలో 37 ఏళ్ళ పాటు ఎవరూ వినని బ్యాండ్ల పాటలు వేశాడు. పేరు జాన్ పీల్. నేను పుట్టకముందే పోయాడు.

ఆయన గురించి నాకు తెలిసిన సందర్భం కొంచెం సిగ్గుపడాల్సిందే. మా క్లాస్‌మేట్ ఒకడు ఇంట్లో ఫోన్‌తో పాట రికార్డ్ చేసి నాకు లింక్ పంపాడు. మట్టెవాడలో మా ఇంటికి నాలుగు సందుల అవతలే వాళ్ళిల్లు. నేను హార్ట్ ఎమోజీ పెట్టాను, పాట మాత్రం వినలేదు. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ నేనేం చేస్తున్నానంటే, రాత్రుళ్ళు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని జనం మర్చిపోయిన పాత ఇంగ్లిష్ బ్యాండ్లని వెతుకుతున్నాను! ఏ బ్యాండ్ గురించి చదివినా ఒకటే మాట ఎదురయ్యేది, పీల్ సెషన్ అని. ఎవరీ పీల్ అని చూస్తే ఈ కథ దొరికింది.

అసలు పేరు జాన్ రాబర్ట్ పార్కర్ రావెన్స్‌క్రాఫ్ట్. 1939 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర హెస్‌వాల్‌లో పుట్టాడు. సరిగ్గా రెండో ప్రపంచ యుద్ధం మొదలవుతున్న రోజులు. తండ్రి యుద్ధానికి వెళ్ళిపోయాడు. కొడుక్కి ఆరేళ్ళు వచ్చాకే తండ్రి ముఖం తెలిసింది. ఆ తండ్రిది పత్తి వ్యాపారం. ఎనుమాముల మార్కెట్‌కి పత్తి బస్తాల లారీలు క్యూ కట్టే ఊళ్ళో, ఒకప్పుడు ఆజంజాహి మిల్లు ఉన్న ఊళ్ళో పెరిగిన మనకి పత్తి ఎంత దూరం ప్రయాణిస్తుందో చెప్పక్కర్లేదు. పీల్ జీవితాన్ని కూడా ముందు ఆ పత్తే నడిపించింది.

చిన్నప్పుడే బోర్డింగ్ స్కూల్లో వేశారు. ష్రూస్‌బరీ స్కూల్లో చదివాడు. చదువులో అంతంతమాత్రమే. బిడియం ఎక్కువ. రేడియో, రికార్డులే లోకం. 1957 నుంచి 1959 దాకా సైన్యంలో తప్పనిసరి సర్వీసు చేశాడు, రాడార్ ఆపరేటర్‌గా. తర్వాత రాచ్‌డేల్‌లో ఒక పత్తి మిల్లులో కార్మికుడు. ఇలా కాదని తండ్రి 1960లో తనకి తెలిసిన పత్తి వ్యాపారి దగ్గర పని నేర్చుకోమని టెక్సాస్ పంపాడు. పత్తి పని అబ్బలేదు. ఇన్సూరెన్స్, పంచ్ కార్డులు, ఆ మధ్యలోనే రేడియో.

డల్లాస్‌లో డబ్ల్యూఆర్ఆర్ అనే స్టేషన్‌లో సోమవారం రాత్రుళ్ళు బ్లూస్ పాటల ప్రోగ్రాంలో మొదటిసారి మైకు ముందు కూర్చున్నాడు. జీతం లేదు. 1963 నవంబరులో అదే ఊళ్ళో ప్రెసిడెంట్ కెనెడీని కాల్చి చంపారు. పీల్ లివర్‌పూల్ పేపర్ విలేకరినని అబద్ధం చెప్పి, నిందితుడు ఓస్వాల్డ్‌ని చూపించిన పోలీస్ హెడ్‌క్వార్టర్స్‌లోకి దూరిపోయాడు. ఆనాటి ఫిల్ములో ఆయన కనిపిస్తాడు కూడా. తర్వాత బీటిల్స్ అమెరికాని ఊపేసినప్పుడు, లివర్‌పూల్ వైపు వాడు అన్న ఒక్క కారణంతో కేఎల్ఐఎఫ్ స్టేషన్ బీటిల్స్ గురించి మాట్లాడే పని ఇచ్చింది. తర్వాత ఓక్లహోమా, ఆ తర్వాత కాలిఫోర్నియా.

ఆయన్ని దేవుణ్ణి చేయాలని లేదు కాబట్టి ఇదీ చెప్పాలి. 1965లో టెక్సాస్‌లో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆ అమ్మాయి వయసు పదిహేను. వయసు తనకి అబద్ధం చెప్పారని తర్వాత అన్నాడు. ఆ పెళ్ళి నిలవలేదు, 1973లో విడాకులయ్యాయి. ఆయన పోయాక ఈ విషయం మీద విమర్శలొచ్చాయి, రావాల్సినవే.

1967లో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. అప్పట్లో అక్కడ కొన్ని రేడియో స్టేషన్లు సముద్రంలో ఓడల మీంచి లైసెన్సు లేకుండా ప్రసారం చేసేవి. వాటిలో ఒకటైన రేడియో లండన్‌లో చేరాడు. రావెన్స్‌క్రాఫ్ట్ అన్న పేరు నోరు తిరగదని అక్కడే జాన్ పీల్ అయ్యాడు. అర్ధరాత్రి నుంచి రెండింటి దాకా పర్‌ఫ్యూమ్డ్ గార్డెన్ అనే షో. ఆ టైంలో ఆఫీసు వాళ్ళు ఎవరూ వినరు కదా, ప్లేలిస్ట్ పక్కన పెట్టి తనకి నచ్చినవే వేసేవాడు. కొత్త చట్టం రావడంతో ఆగస్టు 14న స్టేషన్ మూతపడింది. సెప్టెంబరు 30న బీబీసీ వాళ్ళు రేడియో 1 మొదలుపెట్టారు. పీల్ అందులో చేరాడు. మొదటి బ్యాచ్‌లో చేరిన డీజేలలో చివరిదాకా మిగిలింది ఆయన ఒక్కడే.

ఇప్పుడు ఆ సెషన్ల సంగతి. రేడియోలో రికార్డులు ఎక్కువ వేస్తే వాయిద్యకారుల పొట్ట కొట్టినట్టే అని అక్కడి మ్యుజీషియన్స్ యూనియన్ భయం. రికార్డు కంపెనీలకి కూడా తమ లెక్కలున్నాయి. అందుకని రోజుకి ఇన్ని గంటలే రికార్డులు వేయాలని బీబీసీకి పరిమితి ఉండేది. దాన్ని నీడిల్ టైమ్ అనేవాళ్ళు, రికార్డు మీద ముల్లు తిరిగే టైమ్ అని. మిగతా టైం నింపాలంటే బ్యాండ్‌నే స్టూడియోకి పిలిచి వాయించుకోవాలి. ఈ ఇబ్బందినే పీల్ టీం వరంగా మార్చుకుంది. రికార్డు కంపెనీ దొరకని పిల్లల్ని కూడా పిలవొచ్చు కదా!

పద్ధతి సింపుల్. లండన్‌లోని మైదా వేల్ స్టూడియోకి బ్యాండ్ వస్తుంది. ఒక్కరోజులో మామూలుగా నాలుగు పాటలు రికార్డ్ చేసి, మిక్స్ చేసి వెళ్ళిపోవాలి. తప్పులు చెరుపుకుంటూ కూర్చునే టైం ఉండదు. పైగా డబ్బులిస్తారు. చాలామందికి నిజమైన స్టూడియో లోపల ఎలా ఉంటుందో తెలిసింది ఆ రోజే. మొత్తం మీద 2000 మందికి పైగా కళాకారులు, 4000కి పైగా సెషన్లు.

1976లో పంక్ వచ్చింది. మూడు కార్డ్స్ వస్తే చాలు, బ్యాండ్ పెట్టేయొచ్చు అన్న ధైర్యమే పంక్. అమెరికా బ్యాండ్ రామోన్స్ మొదటి ఆల్బమ్ విని పీల్ తన షో అంతా మార్చేశాడు. పొడుగు పాటలకి అలవాటు పడ్డ పాత శ్రోతలు తిట్టుకుంటూ ఉత్తరాలు రాశారు, చాలామంది వెళ్ళిపోయారు. వాళ్ళ చోట్లోకి స్కూలు పిల్లలు వచ్చారు. అప్పటికి ఆయనకి దాదాపు 37. పాతికేళ్ళు దాటితే కొత్త సంగీతం చెవికెక్కదని చాలామంది అనుకునే వయసు.

ఆ పంక్‌లోంచే పోస్ట్-పంక్ పుట్టింది. ధైర్యం అదే, కానీ గిటార్ కాస్త వెనక్కి తగ్గి బేస్ ముందుకొచ్చింది, పాటల్లో చీకటి, వింత మాటలు చేరాయి. పెద్ద కంపెనీలు పట్టించుకోకపోతే చిన్న లేబుళ్ళు సొంతంగా రికార్డులు వేసుకున్నాయి. ఇండిపెండెంట్ అన్న ఆ మాటే కుదించుకుని ఇండీ అయింది. సూక్సీ అండ్ ద బ్యాన్షీస్‌కి ఏ కంపెనీ కాంట్రాక్ట్ ఇవ్వకముందే 1977లో పీల్ సెషన్ దొరికింది. మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్ 1979లోనే రెండు సెషన్లు చేసింది. వాళ్ళ గాయకుడు ఇయాన్ కర్టిస్ మూర్ఛ వ్యాధితో, డిప్రెషన్‌తో నలిగిపోయి 1980 మే 18న 23 ఏళ్ళకే చనిపోతే, ఆ కబురు శ్రోతలకి రేడియోలో చెప్పాల్సి వచ్చింది కూడా పీల్‌కే.

1978లో ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నుంచి అండర్‌టోన్స్ అనే బ్యాండ్ రికార్డు వచ్చింది. బాంబులు, సైనికుల మధ్య పెరిగిన ఐదుగురు కుర్రాళ్ళు. బెల్‌ఫాస్ట్‌లో టెరీ హూలీ నడిపే గుడ్ వైబ్రేషన్స్ అనే చిన్న లేబుల్ దాన్ని వేసింది. టీనేజ్ కిక్స్ అన్న ఆ పాట పీల్ వేశాడు. అయిపోగానే మళ్ళీ మొదట్నుంచి వేశాడు. దేశమంతా వినే రేడియోలో వరసగా రెండుసార్లు! తర్వాత సైర్ రికార్డ్స్ వాళ్ళని తీసుకుంది. పీల్ జీవితాంతం తన ఇష్టమైన పాట అదే అని చెప్పుకున్నాడు.

అన్ని కథలూ అంత తొందరగా తేలలేదు. 1981లో షెఫీల్డ్‌లో జార్విస్ కాకర్ అనే కుర్రాడు పీల్ చేతిలో ఒక క్యాసెట్ పెట్టాడు. వయసు 18, మన ఫస్టియర్ వాళ్ళంత. వాళ్ళ బ్యాండ్ పల్ప్‌కి ఆ ఏడాదే సెషన్ దొరికింది. ఆ తర్వాత? ఏమీ జరగలేదు. ఏళ్ళకి ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1995లో కామన్ పీపుల్ పాట బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి వచ్చింది. 14 ఏళ్ళు పట్టింది. ఇంకొన్ని బ్యాండ్లకి ఎప్పటికీ అలాంటి రోజు రాలేదు. పీల్‌కి దాంతో పనిలేదు. ఎవరు హిట్ అవుతారో పసిగట్టాలని ఆయన వినలేదు. హిట్ల లెక్కే చూసుకుని ఉంటే, 1969లో ఇంకొకరితో కలిసి పెట్టిన డాండెలయన్ లేబుల్ డబ్బులు లేక కొన్నేళ్ళకే ఆగిపోయినప్పుడే మానుకునేవాడు.

అన్నిటికంటే ఆయనకి ఇష్టమైన బ్యాండ్ ది ఫాల్. మార్క్ ఇ. స్మిత్ అనే మొండి మనిషి నడిపిన మాంచెస్టర్ బ్యాండ్. మెంబర్లు మారుతూనే ఉంటారు, పాటేమో సగం మాట, సగం అరుపు. పీల్ వాళ్ళతో 24 సెషన్లు చేయించాడు. అంత అభిమానం ఉన్నా ఆయనా, స్మిత్ కలిసి మాట్లాడుకున్నది చాలా తక్కువ. సంగీతం వింటే చాలు, సంగీతం చేసినవాడితో సెల్ఫీ అక్కర్లేదన్నమాట.

ఇంగ్లండ్ దగ్గరే ఆగిపోలేదు. జింబాబ్వే నుంచి వచ్చిన బుండు బాయ్స్, జమైకా రెగే, అమెరికా హిప్‌హాప్, చెవులు బద్దలయ్యే మెటల్ అన్నీ ఒకే షోలో పక్కపక్కన. ఒక్కోసారి రికార్డు తప్పు స్పీడులో పెట్టేసి, సగం పాట అయ్యాక చూసుకుని సారీ చెప్పేవాడు. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో కూడా ఆయన ప్రోగ్రాం రావడంతో దేశాలు దాటి వినేవాళ్ళుండేవారు. బీబీసీలో పెద్దవాళ్ళు మారినప్పుడల్లా షో టైం మార్చారు, రోజులు తగ్గించారు. ఆయన గొణుక్కున్నాడు గానీ మానలేదు.

1974లో షీలాని పెళ్ళి చేసుకుని సఫోక్‌లో గ్రేట్ ఫిన్‌బరో అనే పల్లెటూళ్ళో స్థిరపడ్డాడు. నలుగురు పిల్లలు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ పిచ్చి ఎంతంటే పిల్లల పేర్ల మధ్యలో ఆన్‌ఫీల్డ్, డాల్‌గ్లిష్, శాంక్లీ అని పెట్టుకున్నాడు. ఇల్లంతా రికార్డులే. పెద్ద రికార్డులు దాదాపు 26,000, సింగిల్స్ 40,000 దాకా. పోస్టులో వచ్చే క్యాసెట్లు, సీడీలు లెక్కలేనన్ని. వాటిని వినడమే ఉద్యోగం, వినడమే బాకీ. రోజులో ఎన్ని గంటలు విన్నా వినాల్సిన గుట్ట మిగిలే ఉండేది.

2001లో షుగర్ ఉందని తేలింది. 2004 అక్టోబరులో భార్యతో పెరూ వెళ్ళాడు. అక్టోబరు 25న కూస్కో పట్టణంలో గుండెపోటుతో చనిపోయాడు. వయసు 65. నవంబరులో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో జరిగిన అంత్యక్రియలకి వెయ్యిమందికి పైగా వచ్చారు. సొంతూరి చర్చి ఆవరణలో సమాధి చేశారు. రాతి మీద టీనేజ్ కిక్స్ పాటలో ఒక లైను చెక్కారు. సగంలో ఆగిన ఆయన ఆత్మకథని షీలా పూర్తి చేసింది, 2005లో అచ్చయింది.

మా మట్టెవాడ నేరెళ్ళ వేణుమాధవ్ గారు పుట్టిన చోటు. మిమిక్రీ అంటే నోటి విద్య అనుకుంటాం. కానీ ముందు అది చెవి విద్య. ఎదుటి మనిషి గొంతు పూర్తిగా వింటేగానీ మన నోట్లోకి రాదు. పీల్ పాట పాడలేదు, గిటార్ వాయించి పేరు తెచ్చుకోలేదు. చెవి ఒక్కటే పెట్టుబడి. ఇప్పుడు మనకి ఏ పాట వినాలో కోడ్ చెప్తుంది. ఆ కోడ్ రేపు రాసేది మనమే కావచ్చు. చాలామంది విన్నదాన్ని ఇంకా చాలామందికి చూపించడం దానికి సులువు. ఎవరూ విననిదాన్ని మొదట వినేవాడు ఒకడు కావాలి, అక్కడ దానికి డేటా ఉండదు.

ఇదంతా చదివిన రాత్రి క్లాస్‌మేట్ లింక్ వెతికాను. చాట్‌లో చాలా పైకి వెళ్ళాల్సి వచ్చింది. మూడు నిమిషాల పాట. వెనకాల ఫ్యాన్ చప్పుడు, మధ్యలో ఎవరిదో బండి హారన్, రెండో చరణంలో శ్రుతి కొంచెం జారింది. చివర్లో గొంతు తగ్గించి పాడిన చోట మాత్రం నేను ఫోన్ పక్కన పెట్టేసి కదలకుండా కూర్చున్నాను. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి పెట్టాను. పొద్దున వాడికి ఫోన్ చేసి, శ్రుతి జారిన చోటు, నాకు నచ్చిన చోటు రెండూ చెప్పాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకో నాలుగు పాటలున్నాయి, పంపమంటావా అని అడిగాడు.