పావులూరి మల్లన

గణితాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చిన తొలి కవి పావులూరి మల్లన. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుడు పీఠికాపుర సమీపంలోని నవఖండవాడను పావులూరి మల్లనకు అగ్రహారంగా ఇచ్చాడు. గ్రంథకర్త ఆ మల్లనయేనా, అదే పేరు గల ఆయన మనుమడా అనే విషయంలో పండితులకు అభిప్రాయభేదం ఉంది.

మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెనిగించాడు. మూలకర్త జైనుడు, మల్లన శైవుడు. అందువల్ల మూలంలోని జైన ప్రస్తావనలను శైవపరంగా మార్చుకున్నాడు. అంకెలను మార్చడానికి మాత్రం వీలులేదు కదా!

చదరంగపు మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున 64 గడులకూ రెట్టించి కూడితే వచ్చే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఈ ఇరవై అంకెలను మల్లన ఒక్క చంపకమాలలో ఇమిడ్చాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, గగనమంటే సున్న. ఆ పదాలను అంకెలుగా మార్చి చివరి నుండి మొదటికి చదువుకోవాలి. తాటాకుపై వట్టి అంకె తారుమారైతే గుర్తించడం కష్టం. పద్యంలో పదం మారితే గణమో యతియో చెడి, లేఖకుని పొరపాటు బయటపడే అవకాశం ఉంది. ఛందస్సు చేసే ఈ కాపలా పనిని మనం అంతగా గమనించము.

ఈ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. వీటిలో చివరి రెండింటి వంటి పెద్ద కారణాంకాలు మల్లన పద్యంలో తెలియకుండానే ఒదిగి ఉన్నాయి. రెండును పలుమార్లు రెట్టించి ఒకటి తీసివేసే ఈ రూపంలోనే నేటి అతి పెద్ద ప్రధాన సంఖ్యలను వెదకుతున్నారు. 2024లో దొరికిన అటువంటి ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి.