చెప్పుల్లేని పాదాలు

చెప్పులు లేని కాళ్ళను చూడగానే మన మనసుకు ముందుగా ఏమి తోస్తుంది? దేవాలయం వాకిట చెప్పులు విడిచి లోపలికి వెళితే భక్తి అంటాం. ఎండలో వట్టికాళ్ళతో తిరునాళ్ళకు నడిచి వెళితే మొక్కుబడి అంటాం. అవే కాళ్ళు పెళ్ళి పందిట్లోనో, ఆఫీసు వరండాలోనో, బడి గడపలోనో కనిపిస్తే మాత్రం లేమి అంటాం, నామోషీ అంటాం. కాళ్ళు అవే, మారేది చూసే కళ్ళు. అందుకే ఈ వారం, లోకమంతా చూస్తుండగా రోము నగర వీధులలో వట్టికాళ్ళతో పరుగెత్తిన ఒక మనిషి జీవితాన్ని మీ ముందుంచుతున్నాం. ఆయన పేరు అబెబె బికిలా.

1932 ఆగస్టు 7వ తేదీన ఇథియోపియా దేశపు ఎత్తైన పీఠభూమిలో, జాతో అనే చిన్న పల్లెలో ఆయన జన్మించారు. సముద్రాల ఆవల లాస్ ఏంజిలిస్ నగరంలో ఒలింపిక్ మారథాన్ పరుగు జరిగిన రోజు కూడా అదే. ఆ పసివాడి పేరు ఒకనాడు ఆ పందెపు చరిత్రలో నిలిచిపోతుందని ఆ పల్లెలో ఎవరు ఊహించగలరు? ఇథియోపియాలో మనకున్నట్లు ఇంటిపేరు ఉండదు. అబెబె ఆయన పేరు, బికిలా తండ్రి పేరు. కొండ వాలుల్లో పశువులను కాస్తూ, వాటి వెంట పరుగులు తీస్తూ ఆ పిల్లవాడు పెరిగాడు.

అతనికి మూడేళ్ళ ప్రాయంలో, 1935లో, ముస్సోలినీ పంపిన ఇటలీ సేనలు ఆ దేశంపై దండెత్తాయి. ఎందరో ఊళ్ళు విడిచి పారిపోయినట్లే ఆ కుటుంబం కూడా మారుమూల ప్రాంతానికి వెళ్ళి తలదాచుకుంది. 1936 మే నెలలో రాజధాని అడిస్ అబాబా శత్రువుల వశమైంది. మరుసటి ఏడాది, అంటే 1937లో, ఆక్సుమ్ పట్టణంలోని పురాతన శిలాస్తంభాన్ని ముక్కలుగా విడదీసి, ఓడమీద రోముకు తరలించి, విజయ చిహ్నంగా అక్కడ నిలబెట్టారు. దాదాపు 24 మీటర్ల ఎత్తు, 160 టన్నుల బరువు గల స్తంభమది. 1941లో దేశానికి విముక్తి కలిగింది గాని, స్తంభం మాత్రం రోములోనే ఉండిపోయింది. పాఠకులు ఈ స్తంభాన్ని గుర్తుంచుకోవాలి. మన కథలో అది మళ్ళీ వస్తుంది.

పెరిగి పెద్దవాడైన అబెబె పొట్టకూటి కోసం రాజధానికి చేరి, హైలే సెలాసీ చక్రవర్తి అంగరక్షక దళంలో సిపాయిగా కుదిరారు. ఆ దళానికి వ్యాయామ శిక్షకుడు ఓన్ని నిస్కానెన్ అనే స్వీడన్ దేశస్థుడు. సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ నగరంలో గాలి పలుచన. అక్కడ పరుగు సాధన చేసినవారికి ఊపిరి బలం తప్పక అబ్బుతుంది. నిస్కానెన్ తన వాళ్ళతో బూట్లతోనూ, బూట్లు లేకుండానూ సాధన చేయించేవారు. ఉత్తకాళ్ళ పరుగు అబెబెకు చిన్ననాటి అలవాటే.

1960లో ఒలింపిక్ క్రీడలు రోములో జరిగాయి. అబెబెకు అప్పుడు 28 ఏళ్ళు. ఆ ఏడాది మార్చిలోనే ఆయనకు పెళ్ళయింది. దేశం వెలుపల ఆయన పేరు ఎరిగినవారు దాదాపు లేరు. తీరా పందెం దగ్గర పడేసరికి బూట్ల విషయంలో చిక్కు వచ్చిపడింది. రోములో సంపాదించిన కొత్త బూట్లు పాదాలకు సరిపోక ఒరుసుకుని బొబ్బలు లేచాయి. సరిపడని బూట్లతో 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తడం కంటే అలవాటైన వట్టికాళ్ళే మేలని గురుశిష్యులిద్దరూ నిశ్చయించుకున్నారు. ఇదేదో వింత కోసం చేసినది కాదని, తన పాదాలు తనకు తెలిసిన మనిషి తీసుకున్న నిర్ణయమని మనం గమనించాలి.

సెప్టెంబరు 10వ తేదీ సాయంత్రం 5:30 గంటలకు క్యాపిటోలిన్ కొండ దగ్గర పందెం మొదలైంది. వేసవి వేడిమి తగ్గే సమయం చూసి పెట్టిన పందెమది. 11వ నంబరు తగిలించుకున్న ఈ బక్కపలుచని సిపాయి వట్టికాళ్ళను చూసి వింతపడినవారు కొందరైతే, జాలిపడినవారు కొందరు. సగం దూరం గడిచేసరికి మిగిలినవారందరూ వెనుకబడిపోయారు. మొరాకో దేశస్థుడు రాదీ, అబెబె ఇద్దరే ముందు మిగిలారు. చీకటి పడింది. పూర్వం అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోముకు చేరింది అప్పియా మార్గాన. దాని పాత రాళ్ళమీద ఇరుప్రక్కల సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడితే, ఆ వెలుగులో ఇద్దరూ భుజం భుజం కలిపి పరుగెత్తారు.

నిస్కానెన్, అబెబె ముందుగానే ఆ దారిని పరిశీలించి ఒక గుర్తు పెట్టుకున్నారు. గమ్యానికి కొద్ది దూరంలో ఒక శిలాస్తంభం ఉంది. అక్కడినుండి చిన్న ఎత్తు మొదలవుతుంది. ఊపు పెంచవలసినది అక్కడే. ఆ స్తంభం మరేదో కాదు, ఆక్సుమ్ నుండి తరలించి తెచ్చిన స్తంభమే! దానిని దాటుతూనే అబెబె వేగం పెంచారు. రాదీ అందుకోలేకపోయారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయద్వారం క్రింద 2 గంటల 15 నిమిషాల 16.2 సెకన్లలో ఆయన పందెం ముగించారు. అప్పటికి లోకంలో అంత వేగంగా ఆ దూరం పరుగెత్తినవారు లేరు. తన ఊరినుండి తనవారిని తరిమినవారి రాజధానిలో, తన దేశంనుండి తెచ్చిన రాతి నీడన, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా ఒక సిపాయి గెలిచాడు. ఇథియోపియాకు అదే మొదటి ఒలింపిక్ స్వర్ణ పతకం.

ఆయన జీవితం ఇక్కడితో ముగిసి ఉంటే, చెప్పులు లేకుండా తిరగడమే గొప్ప అని మనం తప్పుగా అర్థం చేసుకునేవాళ్ళం. అసలు పాఠం ఆ తరువాత ఉంది. 1964లో టోక్యో ఒలింపిక్స్ వచ్చాయి. పందానికి అయిదు వారాల ముందు ఆయనకు అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. ఆయన పరుగెత్తడం కష్టమేనని చాలామంది భావించారు. అక్టోబరు 21న ఆయన తెల్లని మేజోళ్ళు, బూట్లు తొడుక్కుని బయలుదేరి, 2 గంటల 12 నిమిషాల 11.2 సెకన్లలో గెలిచారు. రెండవ స్థానంలోని వ్యక్తి చేరడానికి మరో నాలుగు నిమిషాలు పట్టింది. ఈలోగా ఆయన స్టేడియం గడ్డిమీద తీరికగా వ్యాయామాలు చేస్తూ కనిపించారు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి ఆయనే. వట్టికాళ్ళతో గెలిచారు, బూట్లతో ఇంకా వేగంగా గెలిచారు. కనుక బలం పాదరక్షలలోనూ లేదు, అవి లేకపోవడంలోనూ లేదు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. అబెబె పుట్టిన ఆ దేశపు ఎర్రమట్టి పొలాల్లో తరతరాలుగా చెప్పులు లేకుండా పనిచేసిన రైతులు ఎందరో, ఆ మట్టిలోని సన్నని ఖనిజ రేణువులు పాదాల చర్మంలో ఇంకి, బోదకాలు వంటి వాపుతో బాధపడుతున్నారు. ఇది దోమకాటు వల్ల వచ్చే బోదకాలు కాదు. రోజూ కాళ్ళు సబ్బుతో కడుక్కుని, పాదరక్షలు ధరిస్తే చాలావరకు రాకుండా ఉంటుంది. మన పల్లెల్లో కూడా చెప్పులు లేకుండా మలినమైన నేలపై తిరిగే పిల్లలకు కొంకిపురుగులు పట్టి రక్తహీనత కలగడం వైద్యులు ఎరిగినదే. కోరుకుని చెప్పులు విడవడం వేరు, కొనలేక లేకపోవడం వేరు. రెండవదానిని మెచ్చుకోవడం సరికాదు, దానిని తీర్చడం మన పని.

మరల కథకు వద్దాం. 1968లో మెక్సికోలో కాలి గాయం బాధించగా ఆయన దాదాపు 17 కిలోమీటర్ల దగ్గర పందెంనుండి తప్పుకున్నారు. ఆయన స్నేహితుడు మామో వోల్డే ఆ పందెం గెలిచారు. 1969 మార్చి 22వ తేదీ రాత్రి అబెబె తన ఫోక్స్‌వ్యాగన్ కారు నడుపుకుంటూ వెళుతుండగా అది అదుపు తప్పి బోల్తాపడింది. తెల్లవారేవరకు ఆయన అందులోనే ఇరుక్కుపోయారు. మెడ దగ్గర దెబ్బతిన్నందువల్ల శరీరం చచ్చుబడింది. లోకమంతా మెచ్చిన ఆ పాదాలు మరి ఒక్క అడుగు వేయలేదు.

ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఎనిమిది నెలల చికిత్సతో చేతులకు మాత్రం కదలిక వచ్చింది. ఆ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు 1948లోనే చక్రాల కుర్చీలవారికి ఆటల పోటీలు ప్రారంభించారు. ఆ పోటీలే 1960 సెప్టెంబరులో, అబెబె గెలిచిన కొద్ది రోజులకే, అదే రోము నగరంలో జరిగాయి. నేడు వాటినే మొదటి పారాలింపిక్స్‌గా లెక్కిస్తారు. నాడు ఆ క్రీడాకారులను 23వ యోహాను పోపుగారు ఆదరంగా దర్శనమిచ్చి దీవించారు. పదేళ్ళ తరువాత, 1970లో, అబెబె స్వయంగా చక్రాల కుర్చీలో కూర్చుని స్టోక్ మాండెవిల్ పోటీలలో విల్లు పట్టారు, టేబుల్ టెన్నిస్ ఆడారు. 1971లో నార్వేలో మంచుమీద కుక్కలు లాగే బండి పందెంలో గెలిచారు కూడా. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు అతిథిగా వెళ్ళినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడి ఆయనను గౌరవించింది.

1973 అక్టోబరు 25న, మెదడులో రక్తస్రావంతో, 41వ ఏట ఆయన కన్నుమూశారు. వేలాది జనంతోపాటు చక్రవర్తి కూడా అంత్యక్రియలకు వచ్చారు. అడిస్ అబాబాలోని సెయింట్ జోసెఫ్ సమాధుల తోటలో ఆయన విశ్రమిస్తున్నారు. ఆక్సుమ్ స్తంభం 2005లో ఇథియోపియాకు తిరిగి చేరింది, 2008లో తన స్వస్థానంలో మరల నిలబడింది. రోము విజయానికి 50 ఏళ్ళు నిండిన సందర్భంగా 2010లో జరిగిన రోము మారథాన్‌లో ఇథియోపియాకే చెందిన సిరాజ్ గెనా ముందు నిలిచి, గమ్యం కొన్ని వందల మీటర్లు ఉందనగా ఆగి బూట్లు విప్పి, వట్టికాళ్ళతో పరుగు ముగించి గెలిచారు. పెద్దలను తలచుకునే తీరు అది.

ప్రియ పాఠకులారా, అబెబె వద్ద మొదట బూట్లు లేవు, చివరకు నడిచే కాళ్ళూ లేవు. రెండు వేళలలోనూ ఆయన తనకు లేనిదానిని లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదు, ఉన్నదానితో బయలుదేరారు. రేపు మీ అబ్బాయి బడిలో చెప్పులు లేని తోటి పిల్లవాడిని చూసి నవ్వాడని తెలిస్తే, వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. చెప్పి ఊరుకోకండి. ఆ పిల్లవాడి పాదం కొలత కనుక్కుని, సరిపడే చెప్పుల జత ఒకటి మీ అబ్బాయి చేతనే ఇప్పించండి. సరిపడేవే సుమా! సరిపడని బూట్ల బాధ ఏమిటో ఈ కథ మనకు చెప్పనే చెప్పింది.