గామా పహిల్వాన్ పళ్లెంలో ఏముంది?

కుర్రాడు జిమ్‌లో చేరి నెల తిరగకముందే అద్దం ముందు నిలబడి కండలు చూసుకుంటుంటే, పెద్ద గామా పహిల్వాన్ అయిపోయాడని ఇంట్లో పెద్దవాళ్లు ఎగతాళి చేస్తారు. అనేవాళ్లలో చాలామందికి ఆ గామా ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. తెలిసినవాళ్లు కూడా ఆయన గెలిచిన కుస్తీల గురించి తక్కువ, తాగిన పాల గురించి ఎక్కువ చెబుతారు. రోజుకు పది లీటర్ల పాలు, సేరు బాదం, కోళ్లు, నెయ్యి అంటూ ఆ లెక్క చెప్పే మనిషిని బట్టి పెరుగుతూ పోతుంది.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్. 1878 మే 22న పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లా జబ్బోవాల్ గ్రామంలో పుట్టాడు. కశ్మీర్ నుంచి పంజాబ్‌కు వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. తరతరాలుగా కుస్తీయే వాళ్ల బతుకుతెరువు. తండ్రి అజీజ్ బఖ్ష్ దతియా సంస్థానంలో పహిల్వాన్. దతియా ఇప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉంది. ఆ రోజుల్లో రాజులు ఏనుగుల్ని, గుర్రాల్ని పోషించినట్టే పహిల్వాన్లనూ పోషించేవారు. తిండి, బట్ట, జీతం అన్నీ దర్బారువే. పహిల్వాన్ గెలిస్తే ఆ పేరు రాజుకూ దక్కేది.

గామాకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి పోయాడు. తాతయ్య నూన్ పహిల్వాన్ దగ్గరికి తీసుకున్నాడు. కొంతకాలానికి ఆయనా పోయాడు. ఆ తర్వాత మేనమామ ఈదా పహిల్వాన్ పిల్లవాడి చెయ్యి పట్టుకున్నాడు. అజీజ్ కొడుకుని అజీజ్ అంతటి వాణ్ణి చేయాలన్నది మామ పట్టుదల. అందుకే గామాకు అక్షరాల కంటే ముందు దండీలు, బస్కీలు వచ్చాయి.

పేరు మొదటిసారి బయటికొచ్చింది 1888లో. జోధ్‌పూర్ మహారాజు దేశం నలుమూలల నుంచీ పహిల్వాన్లను పిలిపించి బస్కీల పోటీ పెట్టాడు. నాలుగు వందల మందికి పైగా వచ్చారు. వాళ్ల మధ్య పదేళ్ల గామా కూడా నిలబడ్డాడు. ఒక్కొక్కరే కూలబడిపోతుంటే చివరికి మిగిలిన పదిహేను మందిలో ఈ పిల్లవాడు ఉన్నాడు. మహారాజు వాడి వయసు చూసి వాణ్ణే విజేతగా ప్రకటించాడు. ఆ తర్వాత వారం రోజులు గామా మంచం దిగలేకపోయాడని చెబుతారు. అదీ నమ్మదగ్గ మాటే, పదేళ్ల కాళ్లు ఎంతని ఓర్చుకుంటాయి?

దతియా మహారాజు గామాను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. అక్కడే అసలు తాలీం మొదలైంది. పిల్లవాడు కదా అని మొదట్లో మాంసం పెట్టలేదని, పాలు, బాదం, పండ్ల రసాల మీదే పెంచారని, కాస్త ఎదిగాకే మాంసం, యఖ్నీ, నెయ్యి కలిపారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. ఈ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మాంసం తినకపోతే బలం రాదని వాదించేవాళ్లూ, మాంసం వల్లే ఒళ్లు చెడుతుందని వాదించేవాళ్లూ ఇద్దరూ గామానే సాక్ష్యంగా పిలుస్తారు మరి.

కసరత్తు కూడా ఒక్కరోజులో ఆకాశానికి ఎక్కలేదు. వందల్లో మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ వేలకు చేరింది. తెల్లారకముందే లేవడం, అఖాడా మట్టిని పారతో తవ్వి మెత్తగా చేయడం, తర్వాత దండీలు, బస్కీలు, ఆపైన తోటి పహిల్వాన్లతో ఒకరి తర్వాత ఒకరితో పట్లు పట్టడం. మట్టి తవ్వడాన్ని పనివాడికి వదిలేయరు, అదీ కసరత్తులో భాగమే. నడుము, భుజాలు, మణికట్టు ఒకేసారి పనిచేస్తాయి. పూర్తి వయసులో గామా రోజుకు అయిదు వేల బస్కీలు, మూడు వేల దండీలు తీసేవాడని ప్రతీతి. లెక్క వేసి చూస్తే అది అసాధ్యమేమీ కాదు. బస్కీకి రెండు సెకన్లనుకుంటే అయిదు వేలకు మూడు గంటలలోపే. దండీకి మూడు సెకన్లనుకుంటే మూడు వేలకు రెండున్నర గంటలు. అంటే రోజుకు అయిదున్నర గంటలు ఒకే పని మీద ఉండాలి. నౌకరీ, దుకాణం, చదువు ఏదీ లేని మనిషికి, దర్బారు అన్నం పెడుతున్న మనిషికి అది సాధ్యం.

ఇక తిండి లెక్క. పది లీటర్ల పాలు, ఆరేడు వందల గ్రాముల బాదం అని ఎక్కువమంది చెప్పేది. లీటరు గేదె పాలలో దగ్గర దగ్గర వెయ్యి కేలరీలుంటాయి. పది లీటర్లంటే పది వేలు. బాదం ఇంకో నాలుగు వేలు. మాంసం, నెయ్యి, రొట్టెలు ఇంకా కలపనే లేదు. గామా ఎత్తు అయిదడుగుల ఏడెనిమిది అంగుళాలు, లండన్ వెళ్లినప్పటి బరువు తొంభై కిలోల చిల్లర. అంత తిండి ఏళ్ల తరబడి రోజూ నిజంగా ఒంటికి పట్టి ఉంటే ఆ మనిషి తొంభై కిలోల దగ్గర ఆగడు. ఆవు పాలనుకున్నా లెక్క మరీ తగ్గదు. పెద్ద కుస్తీకి ముందు రోజుల్లో తిన్నదాన్ని రోజువారీ తిండిగా చెప్పి ఉండొచ్చు, అన్నదమ్ములూ శిష్యులూ కలిసి తాగినదాన్ని ఒక్కడి ఖాతాలో వేసి ఉండొచ్చు. బడోదా సయాజీబాగ్ మ్యూజియంలో ఆయన 1902లో ఎత్తాడని చెప్పే రాయి ఒకటి ఉంది. దాని బరువు పన్నెండు వందల కిలోలట. పాల లెక్క, రాయి లెక్క రెండూ ఒకే సంచిలోవి అనిపిస్తుంది.

అయితే ఆ తిండిలో ఉన్న తెలివి మాత్రం తక్కువది కాదు. కండ నిలవాలంటే, బరువుతో శ్రమించే మనిషికి కిలో ఒంటి బరువుకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల దాకా ప్రోటీన్ కావాలని ఇప్పటి క్రీడా పోషకాహార నిపుణులు చెబుతున్నారు. తొంభై కిలోల గామాకు ఆ లెక్కన నూటయాభై నుంచి నూటఎనభై గ్రాములు. నాలుగు లీటర్ల గేదె పాలతోనే అది వచ్చేస్తుంది. మిగతా శక్తికి నెయ్యి, బాదం. డబ్బా పొడులు లేని కాలంలో అఖాడాలు అనుభవంతో ఆ లెక్కను పట్టుకున్నాయి. పాలు, నెయ్యి, బాదం అనే ఆ మూడింటి దగ్గర హిందూ పహిల్వాన్లకూ ముస్లిం పహిల్వాన్లకూ తేడా లేదు. ముస్లింలు దాని మీద మాంసం, యఖ్నీ కలుపుకున్నారు, అంతే.

దీనికి మన తెలుగునేల మీదే సాక్ష్యం ఉంది. గామా కాలంలోనే శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, ఇనుప గొలుసులు తెంచి, కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆయన శాకాహారి. ఇద్దరి విద్య వేరు, ఒకరిది గోదా, మరొకరిది సర్కస్ డేరా. కానీ ఆ రెండు పళ్లేల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మాంసమా కాదా అన్న వాదన చాలావరకు చల్లారిపోతుంది.

1895లో పదిహేడేళ్ల గామా అప్పటి రుస్తుమ్-ఎ-హింద్ రహీం బఖ్ష్ సుల్తానీవాలాతో గోదాలోకి దిగాడు. రహీం దాదాపు ఏడడుగుల మనిషి. గామా తల అతని ఛాతీ దాటదు. జనం నవ్వుకుంటూ చూడ్డానికి వచ్చారు. కుస్తీ గంటల తరబడి సాగింది. గామాకు రక్తం కారినా వదల్లేదు. చివరికి సమంగా తేల్చారు. ఓడకపోవడమే ఆ రోజు గెలుపు. ఆ తర్వాత పదిహేనేళ్లలో రహీం తప్ప దేశంలో గామా పడగొట్టని పేరున్న పహిల్వాన్ మిగల్లేదు.

1910లో శరత్ కుమార్ మిత్ర అనే బెంగాలీ ధనవంతుడి ఖర్చుతో గామా, తమ్ముడు ఇమాం బఖ్ష్ లండన్ వెళ్లారు. అక్కడ ఎత్తు తక్కువని పోటీలోకి రానివ్వలేదు. గామాకు రోషం వచ్చింది. ఎంత బరువువాళ్లనైనా సరే, ముగ్గురిని అరగంటలో పడగొడతానని సవాలు విసిరాడు. కొన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ఉత్తుత్తి ప్రగల్భమనుకున్నారు. చివరికి అమెరికన్ బెంజమిన్ రోలర్ ముందుకొచ్చాడు. గామా అతణ్ణి మొదటిసారి రెండు నిమిషాల్లోపే, రెండోసారి పది నిమిషాల్లోపే పడేశాడు. మర్నాడు పన్నెండు మందిని ఓడించి పోటీలోకి దారి తెచ్చుకున్నాడు.

సెప్టెంబర్ 10న షెపర్డ్స్ బుష్ స్టేడియంలో పోలండ్ మల్లుడు స్టానిస్లాస్ జ్బిస్కోతో కుస్తీ. అతని బరువు నూటపది కిలోల పైమాటే. మొదటి నిమిషంలోనే గామా అతణ్ణి కిందికి లాగేశాడు. అంతే, జ్బిస్కో చాప మీద బోర్లా పడుకుని అతుక్కుపోయాడు. రెండు గంటల ముప్పయ్యయిదు నిమిషాలు ఎంత పెనుగులాడినా వెల్లకిలా తిరగలేదు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు విసుగు పుట్టింది. వారం తర్వాత, 17న, మళ్లీ తలపడాలని నిర్ణయించారు. జ్బిస్కో ఆ రోజు రానే లేదు. గామాను విజేతగా ప్రకటించారు. తెల్లవాళ్ల రాజ్యంలో, వాళ్ల రాజధానిలో ఒక హిందుస్తానీ ఇలా నిలబడ్డాడన్న కబురు ఇక్కడ ఎంత పండగ తెచ్చిందో ఊహించుకోవచ్చు. తిరిగొచ్చాక అలహాబాద్‌లో రహీం బఖ్ష్‌ను కూడా ఓడించి రుస్తుమ్-ఎ-హింద్ అయ్యాడు.

జ్బిస్కో బాకీ పద్దెనిమిదేళ్లకు తీరింది. 1928 జనవరిలో పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ అతణ్ణి పిలిపించాడు. గామాకు అప్పటికి యాభై దగ్గరపడింది. ఈసారి మట్టి గోదా, అతుక్కుపోవడానికి చాప లేదు. నిమిషం తిరగలేదు, జ్బిస్కో వెల్లకిలా పడ్డాడు. అప్పటినుంచీ రుస్తుమ్-ఎ-జమానా అన్న బిరుదును ఎవరూ ప్రశ్నించలేదు. ఆ మరుసటి ఏడాది జెస్ పీటర్సన్‌నూ చిత్తుచేశాడు. ఆ తర్వాత ఎదురొచ్చేవాళ్లే కరువయ్యారు. ఎదురు లేకపోవడం పహిల్వాన్‌కు వరమేమీ కాదు. కుస్తీ లేకపోతే బహుమానం లేదు, బహుమానం లేకపోతే దర్బారు తప్ప దిక్కు లేదు.

ఇంట్లో మాత్రం గామాకు అన్నీ దెబ్బలే. అయిదుగురు కొడుకులు పుట్టారు. అందరూ చిన్న వయసులోనే పోయారు. చివరివాడు జలాలుద్దీన్ 1945లో, పదమూడేళ్లకే కన్నుమూశాడు. పది పన్నెండు మందిని ఒకేరోజు పడగొట్టిన తండ్రి అన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేకపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. వారసత్వం తమ్ముడి ఇంటికి వెళ్లింది. ఇమాం బఖ్ష్ కొడుకులు భోలూ, అస్లం, అక్రం తర్వాత పాకిస్తాన్‌లో పేరుమోశారు.

1947లో గామా లాహోర్‌లోని మోహినీ రోడ్డులో ఉన్నాడు. విభజన అల్లర్లలో తన వీధిలోని హిందూ కుటుంబాల ముందు తన పహిల్వాన్లతో కలిసి కాపలా నిలబడ్డాడని, గుంపులో ముందుకొచ్చినవాణ్ణి ఒక్క చెంపదెబ్బతో వెనక్కి పంపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లను సాగనంపేటప్పుడు దారి ఖర్చులు కూడా తానే ఇచ్చాడంటారు.

సంస్థానాలు పోవడంతో పహిల్వాన్ల పళ్లెం ఖాళీ అయింది. ఈ సంగతి పాల లెక్కలు చెప్పేవాళ్లు ఎప్పుడూ చెప్పరు. ఆ తిండి ఏ పహిల్వాన్ సంపాదనా కాదు, రాజుగారి ఖజానాది. ఖజానా మూతపడ్డాక, వయసు మీదపడి కసరత్తు ఆగాక, గామా ఒంటికి జబ్బులు, చేతికి ఇబ్బందులు మిగిలాయి. మందులకు కూడా కటకటలాడుతున్నాడని తెలిసి, కుస్తీ అంటే ఇష్టమున్న పారిశ్రామికవేత్త ఘనశ్యామ్ దాస్ బిర్లా సరిహద్దు ఇవతల నుంచి రెండు వేల రూపాయలు, ఆపైన నెలకు మూడు వందలు పంపే ఏర్పాటు చేశాడు. పాకిస్తాన్ ప్రభుత్వం వైద్యం ఖర్చు చూసింది.

1960 మే 23న లాహోర్‌లో గామా కన్నుమూశాడు. ముందు రోజే ఎనభై రెండు నిండాయి. ఆయన మెడలో వేసుకుని బస్కీలు తీసేవాడని చెప్పే తొంభై అయిదు కిలోల రాతి చక్రం పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియంలో ఉంది. క్రీడల్లో శిక్షణకు వచ్చే పిల్లలు దాన్ని చుట్టూ తిరిగి చూస్తారు.